పాత లండన్ బరోలో చావుల లెక్క – మూడో పాఠం: క్షయ మరణాలను ఏటేటా వెంబడించడం

లండన్ బరోల (నగరంలోని స్థానిక పాలనా విభాగాల) ఆరోగ్యాధికారులు ఏటా అచ్చువేసిన నివేదికలను వెల్‌కమ్ కలెక్షన్ (లండన్‌లోని వైద్య చరిత్ర గ్రంథాలయం) వెబ్‌సైటులో వెతికి తీయడం, వాటిలో జనాభా పేజీని గుర్తుపట్టడం గత రెండు పాఠాల్లో అయింది. ఇక అసలు పని. ఒకే బరోలో 1901 నుంచి 1914 దాకా అంటురోగాలతో, క్షయతో ఏటా ఎంతమంది పోయారో, వెయ్యి మందికి ఎందరు పోయారో చూపే వరుసను మన చేతులతో కట్టాలి.

నమూనాకు ఫిన్స్‌బరీని తీసుకుందాం. 1899 నాటి చట్టంతో ఏర్పడిన 28 మెట్రోపాలిటన్ బరోల్లో ఇదొకటి. క్లర్కెన్‌వెల్, సెయింట్ లూక్స్ ప్రాంతాలు ఇందులోవే. గడియారాల పనివాళ్లు, అచ్చాఫీసు కార్మికులు కిక్కిరిసి బతికిన చోటు. 1900 నుంచి 1907 దాకా అక్కడి ఆరోగ్యాధికారి జార్జ్ న్యూమన్. ఈయనే 1919లో ఇంగ్లండు ఆరోగ్య మంత్రిత్వ శాఖకు తొలి ముఖ్య వైద్యాధికారి అయ్యారు. ఆయన నివేదికలు నిండుగా, పట్టికల వెనుక ఉన్న ఇళ్లను కూడా చూపిస్తూ సాగుతాయి. నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే మంచి బరో దొరకడం కష్టం. పైగా లెక్క తప్పడానికి ఉన్న దారులన్నీ ఇక్కడ ఒకేచోట కనిపిస్తాయి.

రెండు రకాల అంకెలను కలపకండి

నివేదికలో ఒక జబ్బు గురించి రెండు వేర్వేరు అంకెలు వస్తాయి. ఒకటి డాక్టర్లు కబురు పంపిన కేసుల సంఖ్య, అంటే నోటిఫికేషన్. రెండోది రిజిస్ట్రార్ల దగ్గర నమోదైన మరణాల సంఖ్య. ఈ రెండూ వేర్వేరు చట్టాల కింద, వేర్వేరు మనుషుల చేతుల మీదుగా వచ్చినవి. మీ షీటులో (కంప్యూటరులోని స్ప్రెడ్‌షీట్‌లో) వీటికి రెండు వేర్వేరు ట్యాబులు పెట్టండి.

1889 నాటి నోటిఫికేషన్ చట్టం లండనంతటా తప్పనిసరి. మశూచి, కలరా, డిఫ్తీరియా, మెంబ్రేనస్ క్రూప్, ఎరిసిపెలాస్, స్కార్లెట్ ఫీవర్, టైఫస్, టైఫాయిడ్, రిలాప్సింగ్ జ్వరం, కంటిన్యూడ్ జ్వరం, బాలింత జ్వరం దాని జాబితాలో ఉన్నాయి. ప్రైవేటుగా చూసిన కేసుకు డాక్టరుకు రెండున్నర షిల్లింగులు, ఆస్పత్రిలాంటి సంస్థలో చూసిన కేసుకు ఒక షిల్లింగు ముట్టేది.

జాబితాలో లేనివేవో చూడండి. తట్టు లేదు, కోరింత దగ్గు లేదు, పసిపిల్లల విరేచనాలు లేవు, క్షయ లేదు. అంటే ఆ కాలంలో ఎక్కువమంది పిల్లల్ని పొట్టన పెట్టుకున్న జబ్బులకే కేసుల లెక్క ఉండదు. వాటికి మరణాల పట్టిక ఒక్కటే ఆధారం. తట్టు దేశమంతటా నోటిఫికేషన్‌లోకి వచ్చింది 1916 నుంచి 1919 దాకా మాత్రమే. కాబట్టి తట్టు కేసుల గడి ఖాళీగా కనిపిస్తే సున్నా వేయకండి. "లెక్కించలేదు" అని రాయండి. సున్నాకూ ఖాళీకీ తేడా పోతే ఆ తర్వాత వేసే ప్రతి సగటూ తప్పే అవుతుంది.

ఒక చిన్న హెచ్చరిక. 1901–02లో లండన్‌లో మశూచి చెలరేగినప్పుడు దాన్ని ఆటలమ్మగా పొరబడకుండా ఆటలమ్మను కూడా కొంతకాలం నోటిఫికేషన్‌లో చేర్చారు. ఆ ఏడాది మొత్తం నోటిఫికేషన్లు ఒక్కసారిగా పైకి లేస్తే కంగారుపడకుండా ఆటలమ్మ వరుసను తీసేసి చూడండి.

క్షయ కేసులకు నాలుగు మెట్లు

క్షయ నోటిఫికేషన్ ఒక్క రోజులో రాలేదు. కొన్ని బరోలు మొదట స్వచ్ఛంద పద్ధతిలో మొదలుపెట్టాయి. 1909 జనవరి నుంచి పూర్ లా (పేదలకు ప్రభుత్వ సాయం అందించే చట్టం) కింద ఉన్న పేద రోగుల కేసులు చెప్పడం తప్పనిసరి అయింది. 1911లో ఆస్పత్రులు, డిస్పెన్సరీలు చేరాయి. 1912 జనవరి 1 నుంచి ఊపిరితిత్తుల క్షయ ఎవరికి వచ్చినా చెప్పాల్సిందే. 1913 ఫిబ్రవరి 1 నుంచి ఎముకలు, గ్రంథులు, మెదడు పొరలు సహా క్షయ అన్ని రూపాలకూ నోటిఫికేషన్ తప్పనిసరి అయింది.

ఈ తేదీలను షీటులో నిలువు గీతలుగా గీసుకోండి. 1908 నుంచి 1913 దాకా కేసులు రెట్టింపులయ్యాయంటే జబ్బు పెరిగిందని కాదు, తలుపులు ఒక్కొక్కటిగా తెరిచారని అర్థం. 1912 జూలైలో జాతీయ బీమా కింద శానటోరియం (క్షయ రోగులను ఉంచి చూసే ఆస్పత్రి) సౌకర్యం మొదలైంది. బీమా ఉన్న కార్మికుడికి తన జబ్బు బయటపెట్టడానికి అప్పుడొక కారణం దొరికింది. దానివల్లా కేసులు పెరిగాయి.

తొలినాళ్లలో ఒకే మనిషి రెండుమూడుసార్లు లెక్కకెక్కడం మామూలే. పేద రోగి వర్క్‌హౌస్ (దిక్కులేనివాళ్లను ఉంచే పేదల ఆశ్రమం) నుంచి ఇంటికి, ఇంటి నుంచి ఆస్పత్రికి మారిన ప్రతిసారీ ఇంకో కాగితం వెళ్లేది. అందుకే నివేదికలో "నోటిఫికేషన్లు" అన్న అంకె, "రోగులు" అన్న అంకె రెండూ ఉంటే రెండోదే తీసుకోండి. ఒక్కటే ఉంటే పక్కన ప్రశ్నార్థకం పెట్టుకోండి.

నోటిఫికేషన్ ఎంత బాగా జరిగిందో తెలుసుకోవడానికి మంచి పరీక్ష ఒకటుంది. ఆ ఏడాది క్షయతో చనిపోయినవాళ్లలో ముందుగా నోటిఫై అయినవాళ్లు ఎందరు, ఎన్ని వారాల ముందు అయ్యారు అన్నది చూడాలి. చాలామంది ఆరోగ్యాధికారులు ఈ వివరం ఇచ్చారు. చావుకు వారం ముందో, చనిపోయాకో కబురు అందిన కేసులు ఎక్కువగా ఉంటే ఆ బరో కేసుల సంఖ్యతో జబ్బు వ్యాప్తి గురించి ఏమీ చెప్పలేం. నా మట్టుకు, 1914కు ముందు క్షయ విషయంలో కేసుల వరుసను పక్కనపెట్టి మరణాల వరుస మీదే నిలబడమంటాను.

మరణాల పట్టికలో క్షయ ఎన్ని పేర్లతో దాగింది

ఊపిరితిత్తుల క్షయను పాత నివేదికలు థైసిస్ అంటాయి. దాని కిందో పైనో మెదడు పొరల క్షయ, పొట్టలో వచ్చే క్షయ, ఇతర క్షయ రూపాలు వేరే వరుసల్లో ఉంటాయి. పొట్ట క్షయకు టేబీస్ మెసెంటెరికా అని పేరు. ఈ చివరి పేరుతో జాగ్రత్త. పాలు పడక చిక్కి శల్యమైన పసివాళ్లను కూడా డాక్టర్లు ఈ పేరు కింద వేసేవారు. ఏడాదిలోపు పిల్లల్లో ఈ వరుస పెద్దగా ఉంటే అదంతా క్షయ అని నమ్మకండి.

ఇంకోవైపు క్షయ మరణాలు బ్రాంకైటిస్ కింద కూడా పోయాయి. కుటుంబానికి మచ్చ అనో, జీవిత బీమా చిక్కులనో సర్టిఫికెట్ మీద దీర్ఘకాల బ్రాంకైటిస్ అని రాసిన సందర్భాలు ఉన్నాయి. వీటిని విడదీసే మార్గం లేదు. కానీ 25–65 ఏళ్ల వయసు గడిలో బ్రాంకైటిస్ మరణాలను పక్క నిలువు వరుసలో రాసుకుంటే పని జరుగుతుంది. క్షయ తగ్గుతున్న ఏళ్లలోనే అదే వయసులో బ్రాంకైటిస్ పెరుగుతుంటే ఆ తగ్గుదలను అనుమానించాలి. రెండూ కలిసి తగ్గుతుంటే ధైర్యంగా ముందుకు సాగవచ్చు.

1911లో ఇంగ్లండు అంతర్జాతీయ మరణ కారణాల జాబితాకు మారింది. అందువల్ల 1910కీ 1911కీ మధ్య వరుసలు అతకవు. నేను సూచించే పద్ధతి ఇది. మూడు నిలువు వరుసలు పెట్టండి: ఊపిరితిత్తుల క్షయ, మిగతా క్షయ అంతా, ఈ రెండింటి మొత్తం. 1911కు ముందు ఉన్న చిన్నచిన్న పేర్లన్నీ రెండో గడిలోకి పోతాయి. పోలికకు మొదటి వరుస వాడండి, అది కాస్త నిలకడైనది. నివేదికలో ఉన్న పేరును మాత్రం మార్చకుండా, అక్షరం పొల్లుపోకుండా, పక్క గడిలో ఉంచండి. రేపు మీ నిర్ణయం తప్పనిపిస్తే వెనక్కి వెళ్లడానికి అదే దారి.

వయసు గడులూ అప్పుడే మారాయి. అంతకుముందు, అప్పటి కేంద్ర శాఖ అయిన స్థానిక ప్రభుత్వ మండలి నమూనా పట్టికలో ఏడాదిలోపు, 1–5, 5–15, 15–25, 25–65, 65 పైన అని ఉండేవి. తర్వాత 1–5ను 1–2, 2–5గా, 25–65ను 25–45, 45–65గా విడగొట్టారు. కొత్తవాటిని కలిపి పాతవాటికి సరిపోల్చగలం గానీ పాతవాటిని విడగొట్టలేం. క్షయ ఎక్కువగా కబళించింది సంపాదించే వయసువాళ్లనే. అదే వయసు నలభై ఏళ్ల వెడల్పున్న ఒకే గడిలో ఇరుక్కుపోవడం బాధాకరం. అయినా మధ్యకు కోసి అంచనా అంకెలు వేయకండి.

పట్టికలను నంబరుతో కాక శీర్షికతో వెతకండి. పట్టికల నంబర్లు కూడా మధ్యలో మారాయి.

ఆ చావు ఎవరిది?

ఈ పాఠంలో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే.

ఫిన్స్‌బరీలో సిటీ రోడ్డు మీద రాయల్ చెస్ట్ హాస్పిటల్ ఉండేది. లండన్ నలుమూలల నుంచీ క్షయ రోగులు అక్కడికి వచ్చేవారు. అక్కడ పోయినవాళ్ల మరణం ఫిన్స్‌బరీలో నమోదైనా వాళ్లు ఫిన్స్‌బరీ వాళ్లు కాదు. మరోవైపు ఫిన్స్‌బరీలోని నిరుపేదలు హోబర్న్ యూనియన్ (పూర్ లా సాయం చూసే సంఘం) కిందికి వస్తారు. ఆ యూనియన్ ఆస్పత్రి ఉన్నది హైగేట్ దగ్గర ఆర్చ్‌వేలో, అంటే ఇస్లింగ్టన్ బరోలో. స్కార్లెట్ ఫీవర్, డిఫ్తీరియా పిల్లలను మెట్రోపాలిటన్ అసైలమ్స్ బోర్డు తన జ్వరాల ఆస్పత్రులకు తరలించేది. మశూచి వస్తే డార్ట్‌ఫర్డ్ దగ్గర థేమ్స్ మీద లంగరేసిన ఓడల దాకా తీసుకెళ్లేవారు. క్లర్కెన్‌వెల్ సందులో పుట్టి పెరిగిన మనిషి చావు ఇలా ఎక్కడో నమోదయ్యేది.

కాబట్టి ప్రతి ఏటికీ మూడు అంకెలు కావాలి: బరో హద్దుల్లో నమోదైన మరణాలు, వాటిలో బయటివారివి, బయట జరిగిన బరోవారివి. మొదటి దాంట్లోంచి రెండోది తీసి మూడోది కలిపితే నికర మరణాలు.

సాధనకోసం నేను వేసిన అంకెలతో చూద్దాం. ఇవి ఏ నివేదికలోవీ కావు. బరోలో నమోదైన ఊపిరితిత్తుల క్షయ మరణాలు 165, అందులో బయటివారివి 30, బయట పోయిన బరోవారు 65 అనుకోండి. నికరం 165 − 30 + 65 = 200. నమోదైన అంకెనే వాడితే 35 మంది, అంటే దాదాపు ఆరుగురిలో ఒకరు, లెక్క నుంచి జారిపోతారు. జారిపోయేదీ అందరికంటే పేదవాళ్లే. వర్క్‌హౌస్ ఆస్పత్రిలో కన్నుమూసేది వాళ్లే కదా.

లండన్ లోపలి మార్పిళ్లను చాలామంది ఆరోగ్యాధికారులు మొదటినుంచీ సరిచేశారు. 1911 నుంచి, జనన మరణాల నమోదుకు పై అధికారి అయిన రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయమే దేశమంతటా మరణాలను సొంతచోటికి మార్చి పంపడం మొదలుపెట్టింది. అంతకుముందు ఊరవతల ఏ శానటోరియంలోనో పోయినవాళ్లు తప్పిపోయి ఉండవచ్చు. కొన్ని నివేదికల్లో మొత్తం మరణాలు సరిచేసినవైతే, జబ్బువారీ పట్టిక సరిచేయనిది. దీన్ని పట్టుకోవడం తేలిక. జబ్బువారీ పట్టికను అడుగుదాకా కూడి, మొదటి పేజీలోని నికర మొత్తంతో పోల్చండి. తేడా వస్తే ఆ పట్టిక ఏ రకానిదో షీటులో రాయండి.

ఈ చిక్కు మన దగ్గర పని చేయబోయేవాళ్లకూ తప్పదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం 1915 నుంచి దక్షిణాది అంతటి నుంచి రోగులను చేర్చుకుంది. ఆ చుట్టుపక్కల క్షయ మరణాల అంకె దొరికితే ముందు అడగాల్సిన ప్రశ్న, వాళ్లలో ఆ తాలూకా వాళ్లెందరు అన్నదే. పైగా మద్రాసు ప్రెసిడెన్సీ మరణాల పట్టికల్లో జ్వరాలు, శ్వాసకోశ వ్యాధులు అన్న పెద్ద గంపగుత్త గడులే కనిపిస్తాయి. లండన్ బరోల మీద చెయ్యి తిరిగాక వాటి దగ్గరికి వెళ్లడం మేలు.

కింది అంకె: జనాభా

ఫిన్స్‌బరీ జనాభా 1901 మార్చి 31న 1,01,463. 1911 ఏప్రిల్ 2న 87,923. బరో ఖాళీ అవుతోంది. ఇళ్లు పడగొట్టి గోదాములు, కార్ఖానాలు కట్టారు. జనాభా తగ్గుతోందని ఆనాటి అధికారికి తెలిసినా ఎంత తగ్గుతోందో 1911 దాకా ఖాయంగా తెలియదు. అందువల్ల 1902–1910 నివేదికల్లో అచ్చయిన రేట్లను యథాతథంగా తీసుకోకండి. మనకు రెండు జనాభా లెక్కలూ తెలుసు కాబట్టి మధ్య ఏళ్లను మళ్లీ వేద్దాం.

ఏడాది మధ్య, అంటే జూన్ 30 నాటి జనాభా కావాలి. 1906 జూన్ 30 అంటే 1901 లెక్క తర్వాత 5.25 ఏళ్లు.

సూటి పద్ధతిలో పదేళ్ల తగ్గుదల 13,540, ఏడాదికి 1,354. దాన్ని 5.25తో హెచ్చిస్తే 7,108. అంటే 1906 మధ్యలో సుమారు 94,354. ఆనాటి రిజిస్ట్రార్ జనరల్ వాడిన నిష్పత్తి పద్ధతిలో 87,923ను 1,01,463తో భాగించి, వచ్చిన 0.86655కు 0.525 ఘాతం వేసి, 1,01,463తో హెచ్చించాలి. అది 94,113. రెండింటికీ తేడా పావు శాతం. ఏది వాడినా ఫరవాలేదు గానీ పధ్నాలుగేళ్లకూ ఒకటే వాడండి.

పెద్ద తేడా వచ్చేది 1901 జనాభానే మోసుకెళ్తే. పై సాధన అంకె 200ను 94,113తో భాగించి వెయ్యితో హెచ్చిస్తే రేటు 2.13. అదే 1,01,463తో భాగిస్తే 1.97. ఒక్క ప్రాణం కూడా దక్కకుండానే క్షయ ఏడు శాతం తగ్గినట్టు కనిపిస్తుంది. 1910 నాటికి ఈ తప్పు పన్నెండు శాతం దాటుతుంది. జనాభా పెరుగుతున్న శివారు బరోలో పాత అంకెనే వాడితే ఇదే తప్పు ఎదురుదిశలో జరిగి, జబ్బు పెరిగినట్టు కనిపిస్తుంది.

షీటులో నివేదిక ఇచ్చిన జనాభా ఒక గడిలో, మీరు వేసింది మరో గడిలో ఉంచండి. నివేదిక ఇచ్చిన రేటును కూడా రాసి, అది ఏ జనాభాతో వచ్చిందో వెనక్కి లెక్కవేసి చూడండి. మరణాలను రేటుతో భాగించి వెయ్యితో హెచ్చిస్తే అధికారి వాడిన జనాభా బయటపడుతుంది.

వారాలు, ముద్రణ తప్పులు, ఊగిసలాట

ఆ రోజుల్లో మరణాల లెక్క శనివారంతో ముగిసే వారాల్లో నడిచేది. అందువల్ల కొన్ని "ఏళ్లు" 52 వారాలవి, కొన్ని 53 వారాలవి. అసలు ఏడాదిలో ఉండేవి 52.18 వారాలు. 53 వారాల ఏటి మరణాలను 52.18తో హెచ్చించి 53తో భాగించండి. తేడా ఒకటిన్నర శాతమే గానీ, అదనపు వారం చలి ముదిరిన జనవరిలో పడితే బ్రాంకైటిస్ దగ్గర తెలుస్తుంది.

వెబ్‌సైటు యంత్రంతో చదివించి ఇచ్చిన పాఠాన్ని నేరుగా కాపీ చేయకండి. 3 కాస్తా 8 అవుతుంది, 1 కాస్తా 7 అవుతుంది. గీత లేదా చుక్క ఉన్న ఖాళీ గడిని యంత్రం మింగేస్తే ఆ వరుసలో అంకెలన్నీ ఒక గడి ఎడమకు జరుగుతాయి. పేజీ బొమ్మను తెరిచి చేత్తో ఎక్కించండి. ఎక్కించాక వయసు గడుల మొత్తం జబ్బు మొత్తానికి, ఉపజిల్లాల మొత్తం బరో మొత్తానికి సరిపోతుందో చూడండి. సరిపోకపోతే ముందు మీ టైపింగును, తర్వాత ముద్రణను అనుమానించండి. అచ్చులోనే తప్పుంటే దిద్దకండి, వ్యాఖ్య రాయండి.

చిన్న అంకెలు వాటంతట అవే ఊగుతాయి. ఎంత ఊగవచ్చో తెలియాలంటే మరణాల వర్గమూలాన్ని రెట్టింపు చేయండి. 200 మరణాలకు అది 28. అంటే 172 నుంచి 228 దాకా ఏమీ మారకపోయినా రావచ్చు. రేటులో అది 1.83 నుంచి 2.42. ఒక ఏటికీ మరో ఏటికీ మధ్య ఇంతలోపు తేడాకు కారణాలు వెతకడం వృథా. డిఫ్తీరియా మరణాలు 9 అయితే ఊగిసలాట ఆరు, అంటే దాదాపు మూడింట రెండు వంతులు. అందుకే మూడేళ్లో ఐదేళ్లో కలిపి చూడండి. కలిపేటప్పుడు రేట్ల సగటు తీయకండి. ఐదేళ్ల మరణాలను కూడి, ఐదేళ్ల జనాభాల మొత్తంతో భాగించండి.

గదుల పట్టిక గురించి ఒక మాట

ఇల్లు ఎన్ని గదులదో చూసి మరణాల రేటును న్యూమన్ విడదీశారు. ఒకే గదిలో కుటుంబమంతా కాపురముండే ఇళ్లలో రేటు అన్నిటికంటే ఎక్కువ. ఆ పట్టిక చదివితే గుండె బరువెక్కుతుంది. పేదరికానికీ క్షయకూ ఉన్న బంధం నిజం, అందులో సందేహం లేదు. అయితే ఆ రేటును వాడేటప్పుడు రెండు విషయాలు గమనించండి. గదులవారీ జనాభా వచ్చింది జనాభా లెక్క ఒక్కరోజు చిత్రం నుంచి, మరణాలేమో తర్వాతి ఏళ్లవి. ఇక క్షయ ఏళ్లతరబడి సాగే జబ్బు. కూలికి పోలేని మనిషి అద్దె కట్టలేక మూడు గదుల నుంచి ఒక గదికి దిగి, అక్కడ కన్నుమూస్తాడు. అతని చావు ఒంటిగది లెక్కలో పడుతుంది. ఇరుకు వల్ల జబ్బు, జబ్బు వల్ల ఇరుకు, రెండూ ఆ ఒక్క అంకెలో కలిసే ఉన్నాయి. స్కార్లెట్ ఫీవర్‌లాంటి నాలుగు రోజుల జబ్బులో ఈ చిక్కు ఇంత ఉండదు. అందుకే గదులవారీ పోలికకు మొదట అలాంటి జబ్బులను ఎంచుకోండి.

అభ్యాసం

ఫిన్స్‌బరీ నివేదికల్లో 1903, 1908, 1912 ఏళ్లవి తెరవండి. ప్రతిదాంట్లో ఊపిరితిత్తుల క్షయ మరణాలకు మూడు అంకెలూ (నమోదు, బయటివారు, బయట పోయినవారు) దొరుకుతాయేమో చూసి, దొరకని గడిలో "లెక్కించలేదు" లేదా "నివేదికలో లేదు" అని వేరుగా రాయండి. పాత పేర్లను మూడు వరుసల్లోకి సర్దండి. మొదటి రెండు ఏళ్ల జనాభాను పై పద్ధతిలో వేయండి. 1912కు తర్వాతి జనాభా లెక్క కావాలి. 1921 జూన్ 19న ఫిన్స్‌బరీ జనాభా 75,995. ఈ రెండు లెక్కల మధ్య ఎడం పదేళ్లు కాదు, 10.21 ఏళ్లు. భాగించేటప్పుడు దాన్నే వాడండి. 1915 తర్వాతి ఏళ్లకు ఈ సూటి గీత పనికిరాదు. యువకులు సైన్యంలోకి వెళ్లడంతో జననాల రేటుకు ఒక జనాభా, మరణాల రేటుకు పౌరులతో మాత్రమే వేసిన మరో జనాభా వాడారు. నాలుగో పాఠం ఆ యుద్ధకాలపు లెక్కలతో మొదలవుతుంది. అప్పటికి ఈ మూడేళ్ల వరుసలు మీ షీటులో సిద్ధంగా ఉండాలి.